పావురములకు గింజలు – పొరుగువారికి వ్యాజ్యములు

ముంబయి నగరమున వర్లీ ప్రాంతములోని యొక మేడలో పై యంతస్తువారు తమ కిటికీ వెలుపల లోహపు పళ్ళెరము నొకదానిని బిగించి, ప్రతిదినము దానిలో గింజలును నీళ్ళును బోసి పక్షులను జేరదీయుచుండిరి. క్రింది యంతస్తులో వయసు మీఱిన దంపతులు కాపురముండిరి. పైనుండి జారిన గింజలు, నీళ్ళు, రెట్ట తమ కిటికీలమీద బడుచున్నవనియు, గింజలతోపాటు పురుగులు నింట జొరబడుచున్నవనియు, దుర్గంధము భరింపరాకున్నదనియు, ఇల్లాలికి చర్మవ్యాధి గూడ సంభవించినదనియు వారు మొఱపెట్టుకొనిరి. మాటలతో దీరని తగవు 2011లో సివిలు కోర్టు కెక్కినది. 2019లో గాని తీర్పు రాలేదు. ఆ తావునుండి పక్షులకు మేత వేయరాదని న్యాయస్థానము శాశ్వత నిషేధాజ్ఞ నిచ్చినది. గెలిచినవారు గెలిచిరి, కాని యొక పళ్ళెరమును తొలగించుటకు ఎనిమిదేండ్లు పట్టినది. రెండింటి నడుమ నొక కప్పు మాత్రమే యడ్డముండగా, ఆ యెనిమిదేండ్లు మెట్లమీద నెదురుపడిన ప్రతిసారియు ఆ రెండు కుటుంబములవారు ఏ ముఖములతో నొకరినొకరు చూచుకొనిరో పాఠకులే యూహింపగలరు.

ఇది చిన్న సంగతియని త్రోసివేయువారుందురు. రాజ్యాంగ ప్రశ్నలు, పంటల ధరలు, నదీజలముల తగవులు ఉండగా పావురముల రెట్టను గూర్చి సంపాదకీయమా యని నవ్వువారును ఉందురు. వారికి మా ప్రత్యుత్తరము 2025 సంవత్సరపు ముంబయి వృత్తాంతమే. ఆ యేడు జూలై మాసమున మహారాష్ట్ర ప్రభుత్వము నగరమందలి కబూతరుఖానాలను, అనగా పావురములకు మేత వేయు బహిరంగ స్థలములను, మూయింపుడని నగరపాలక సంస్థ నాదేశించినది. అవి మొత్తము 51 యని శాసనమండలిలో మంత్రి ప్రకటించెను. జూలై 30వ తేదీన బొంబాయి హైకోర్టు, నిషేధమును ధిక్కరించి మేత వేయువారిపై క్రిమినలు కేసులు పెట్టుడని యుత్తరువు చేసినది. దాదరులోని సుప్రసిద్ధమైన కబూతరుఖానాకు టార్పాలిను గుడ్డలు గప్పిరి. ఆగస్టు 6వ తేదీన జనులు గుంపుగ వచ్చి వాని నూడబెఱికిరి. వారిలో జైనులు పెక్కుమంది. వారము దినములకే నిషేధమును సమర్థించుచు మఱియొక గుంపు వీధి కెక్కినది. సుప్రీము కోర్టు ఆగస్టు 11న జోక్యము చేసికొనుటకు నిరాకరించినది. గింజల తగవు మతముల తగవుగను, భాషల తగవుగను రూపు మార్చుకొనుటకు పట్టుమని పదునైదు దినములు పట్టలేదు. ఇట్టి నిప్పు ఏ నగరమందైనను రాజవచ్చును. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములు అందుకు మినహాయింపులు గావు. ఆ పట్టణముల మేడలకు నిలువెత్తున వ్రేలాడుచున్న నైలాను వలలను జూచినవారి కీ మాట చెప్పనక్కఱ లేదు. పావురముల వలలు గట్టుట నేడొక వ్యాపారమే యైనది.

పక్షులకు మేత వేయుట మనకు క్రొత్త గాదు. గోదావరి మండలములలో సంక్రాంతి నాళ్ళకు వరికంకులను కుచ్చులుగ నల్లి దేవాలయ మండపములలోను ఇంటి వసారాలలోను వ్రేలగట్టుట తరతరముల యాచారము. పిచ్చుకలు వచ్చి తిని పోవును. భోజనమునకు ముందు కాకికి ముద్ద వేయని యిల్లు మన పల్లెలలో నుండెడిది గాదు. పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. చార్మినారు చెంత మక్కా మసీదు ముంగిట గింజలు చల్లు చేతులకు మతభేదము లేదు. ఈ దయాగుణమును పరిహసించువారితో మాకు పొత్తు లేదు. సిమెంటు పెట్టెలవంటి గదులలో నొంటిగ బ్రతుకు ముసలివారికి తెల్లవాఱుజామున కిటికీయొద్ద వాలు నాలుగు పక్షులే చుట్టములగుట మే మెఱుగుదుము.

అయితే ఆ యాచారము పుట్టిన యిల్లు వేఱు. నేటి యిల్లు వేఱు. నాటి కుచ్చు మన వసారాలో వ్రేలాడెడిది. రెట్ట మన యరుగుమీదనే పడెడిది. తెల్లవాఱి చీపురు పట్టవలసినది మన యింటి యాడువారే. దానఫలమును దాని భారమును ఒక్క గడపలోనే యుండెను. నేటి మేడలలో నొకరి కిటికీ యంచు మఱియొకరి నడినెత్తి. పుణ్యము ఐదవ యంతస్తున, రెట్ట నాలుగవ యంతస్తున! అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నది యీ ధర్మము. అదియునుగాక ఆ నాటి యతిథి పిచ్చుక. నేటి యతిథి పావురము. రెండును పక్షులే గదా యనుట చాలదు.

పావురము స్వభావముచేత కొండచఱియలలో గూడు గట్టు పక్షి. కిటికీ యంచులు, శీతలయంత్రముల వెలుపలి పెట్టెలు, డాబా మూలలు దాని కంటికి కొండచఱియలే. జంట యొక్క మాఱు సాధారణముగ రెండు గ్రుడ్లు పెట్టును; సుమారు 18 దినములు పొదుగును. పిల్లలకు పురుగులను వెదకి తెచ్చు పనియు లేదు. తన గొంతుసంచిలో నూరు పాలవంటి పదార్థముతోనే వానిని సాకును. కావున మేత దొరకినచో ఋతువుతో నిమిత్తము లేక సంవత్సరము పొడుగున సంతానము గనగలదు. ఉచితముగ ధాన్యము, చఱియవంటి గూడు, తఱుము డేగ లేమి, ఈ మూడును గూడిన చోట దాని సంఖ్య పెరుగక యేమగును? భారతదేశపు పక్షుల స్థితిని గూర్చి 2023లో వెలువడిన నివేదికయు పావురముల సంఖ్య మిక్కిలి పెరుగుచున్నదనియే చెప్పుచున్నది. రాలిన గింజల కొఱకు ఎలుకలు వచ్చును. కావున కిటికీలో పెట్టిన గుప్పెడు జొన్నలు పక్షుల యాకలిని దీర్చుటతో నాగవు. పక్షుల గుంపును సృష్టించును. తొలిదినము వచ్చిన నాలుగు పావురములకు మేత వేసినవారు ఏడాదికి వచ్చు నలువదింటికిని జవాబుదారులు గారా?

ఇక్కడనే చట్టము ప్రవేశించుచున్నది. పావురము ఎవరి సొత్తును గాదు. పెంపుడు కుక్క కఱచినచో యజమానుని పట్టుకొనవచ్చును. పావురమునకు యజమాను డెవ్వడు? ఒకని డాబాపై తమంత తామే వాలిన పక్షులు పొరుగింటిని పాడుచేసినచో డాబాగలవాని తప్పేమియు లేదు. ఇంతవఱకు మేతగాండ్ల వాదము సరియైనదే. అయితే న్యాయము పక్షి యెవరిదని యడుగదు. దాని నచ్చటికి రప్పించిన దెవరని యడుగును. ఒకడు తన యింట జేయు పనివలన పొరుగువాని యింటి సుఖానుభవమునకు నిరంతరము, గణనీయమైన భంగము గలిగినచో దానిని న్యాయవాదులు ప్రైవేటు న్యూసెన్సు అందురు. పని స్వతహాగ మంచిదా చెడ్డదా యను ప్రశ్న యిందులేదు. వేదపారాయణమైనను అర్ధరాత్రమున లౌడుస్పీకరు పెట్టి చేసినచో న్యూసెన్సే. అట్లని రెండు గింజలు జారిపడినంతమాత్రమున కోర్టుకు బోవువానిని కోర్టు సయితము కసరి పంపును. అతిసుకుమారుని కొలతతో గాక సామాన్యుని యోర్పును బట్టియే యీ బాధను కొలుతురు. వర్లీ దావాలో వాదులు గెలిచినది బాధ యెడతెగనిదగుట చేతనే. ఆ యుత్తరువు నిషేధించినది సయితము పక్షులకు మేత వేయుటను గాదు, ఆ తావునుండి మేత వేయుటను. ఈ భేదమును మా పాఠకులు గమనింతురు గాక.

నిషేధాజ్ఞ పొందుట యొక యెత్తు. రోగమునకు నష్టపరిహారము పొందుట మఱియొక యెత్తు. మురికి పడుచున్నదని ఛాయాచిత్రములతోను సాక్షులతోను నిరూపింపవచ్చును. కాని నా యూపిరితిత్తుల జబ్బు ఫలానివారి పావురముల వలననే వచ్చినదని నిరూపించుట సులభము గాదు. పావురముల యీకల పొడి, ఎండిన రెట్ట యెగసి యూపిరిలో జొచ్చినచో కొందఱికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అను వ్యాధి వచ్చునని వైద్యు లెఱుగుదురు. ముదిరినచో ఊపిరితిత్తులు గట్టిపడి తిరిగి మెత్తబడవు. రెట్టలో క్రిప్టోకోకస్ వంటి బూజులు పెరుగును. రోగనిరోధకశక్తి క్షీణించినవారికి అవి ప్రాణాపాయకరములు. ఇది సత్యము. అయితే సత్యములో సగమే చెప్పుట మాకు తగదు. 2017లో ప్రకటితమైన భారతదేశపు ఊపిరితిత్తుల వ్యాధుల పట్టికలో 1084 మంది రోగులను పరీక్షింపగా 47.3 శాతమునకు ఈ వ్యాధియే తేలినది, వారిలో 48.1 శాతము మందికి సంబంధము గానవచ్చినది గాలి చల్లబఱచు కూలర్లతో! పక్షులతో సంబంధము గలవారును ఆ పట్టికలో నుండిరి గాని పావురమొక్కటియే ముద్దాయి కాదు. కావున ప్రతివాది వకీలు లేచి, అయ్యా, మీ యింట కూలరు గలదా యని యడిగిన వాది గొంతులో వెలక్కాయ పడును. పొరుగువారిపై వ్యాజ్యమునకు బోవువారు వ్యాధిని గాక మురికిని ఆధారము చేసికొనుట మేలని మా తలంపు. మురికిని జూపుటకు వైద్యుని యోగ్యతాపత్ర మక్కఱలేదు.

బాధ ఒక్క యింటిని దాటి వీధికి బ్రాకినచో అది పబ్లికు న్యూసెన్సు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 270వ సెక్షను దీనిని నిర్వచించుచున్నది. 292వ సెక్షను క్రింద వేయి రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. ప్రాణాపాయకరమైన వ్యాధి ప్రబలుటకు నిర్లక్ష్యముచే గారకుడైనవానికి 271వ సెక్షను క్రింద ఆఱుమాసముల వఱకు ఖైదు సయితము గలదు. నిర్వచనములో నొక వాక్యము మేతగాండ్లు పలుమాఱు చదువదగినది: ఆ పనివలన ఏదో సౌకర్యమో లాభమో కలుగుచున్నదను కారణమున పబ్లికు న్యూసెన్సు క్షమింపబడదు. పుణ్యము సయితము ఆ లాభములలో జేరునని మా యభిప్రాయము. నాగరిక సురక్షాసంహిత 152వ సెక్షను ననుసరించి మేజిస్ట్రేటు న్యూసెన్సును తొలగింపుడని యుత్తరువు చేయవచ్చును. ముంబయి నగరమున 2006 నాటి పారిశుద్ధ్య నియమముల క్రింద, అనుమతి లేని చోట మేత వేసినవారికి 500 రూపాయల జరిమానాయు నుండెను.

చట్టములు లేకపోలేదు. వాని ప్రయోగములోనే వివేకము గావలయును. గుప్పెడు జొన్నలు చల్లిన వృద్ధురాలిని ఠాణాకు బిలిపించి, వ్రేలిముద్రలు దీసి, క్రిమినలు కోర్టు మెట్లెక్కించుటను మే మామోదింపజాలము. దశాబ్దములపాటు నగరపాలకులే కబూతరుఖానాలను నిలిపియుంచి, ప్రక్కనే గింజల దుకాణములకు తావిచ్చి, ఒక్క శుభోదయమున అదంతయు నేరమని ప్రకటించినచో, దాదరు వీధిలో జరిగినదానికి బాధ్యత జనులదే యనుట న్యాయమా? ముంబయి పాలకులు సయితము తుదకు ఆ సంవత్సరము ముగియకమునుపే, నివాసములకు దూరముగ నాలుగు తావుల నేర్పఱచి, ఉదయము 7 గంటల నుండి 9 గంటల వఱకు మేత వేయవచ్చునని చెప్పవలసివచ్చినది. ఈ పని మొదట జేసియున్నచో టార్పాలిను ఖర్చును, పోలీసుల బందోబస్తు ఖర్చును మిగిలియుండెడివి.

ఇది మన దేశమునకే పట్టిన పీడయని భ్రమపడరాదు. లండనులో ట్రాఫల్గారు స్క్వేరునందు 2003లో పావురముల మేతను నిషేధించిరి. యాత్రికుల ఛాయాచిత్రములకు ప్రసిద్ధమైన వెనిసు నగరపు సెయింటు మార్కు కూడలిలో 2008 నుండి గింజలు చల్లరాదు. మన తెలుగువారు పెక్కుమంది కాపురముండు సింగపూరున పావురమునకు మేత వేసినచో వేల డాలర్ల జరిమానా గలదు. అమెరికాలో పెరటి మేతపెట్టెలు సర్వసాధారణములు. అచ్చట 2021లో ఆ పెట్టెలయొద్ద గుమిగూడిన చిన్నపక్షుల వలన సాల్మొనెల్లా వ్యాధి మనుష్యులకు సోకినపుడు, పెట్టెలను తఱచు కడుగుడనియు, రోగిష్టి పక్షులు గానవచ్చినచో రెండు వారములు దింపియుంచుడనియు ప్రభుత్వ వ్యాధినివారణ కేంద్రము హెచ్చరించినది. విశాలమైన పెరడు గలవారికే యిన్ని జాగ్రత్తలు వలసినపుడు, మూడడుగుల బాల్కనీ గలవారికి వలదా?

రాజ్యాంగములోని 51-ఏ అధికరణమును కొందఱు ముందునకు దెచ్చుచున్నారు. 1976లో 42వ సవరణచే జేర్చబడిన ఆ యధికరణము సకల జీవులయెడల గరుణ చూపుట పౌరుని కర్తవ్యమని చెప్పుచున్నమాట నిజము. పావురమును గాపాడుటకై శిబిచక్రవర్తి చేసిన త్యాగమునుగూడ వారు స్మరించుచున్నారు. ఆ కథనే మేమును స్మరింపుమందుము. డేగ తన యాహారము నడిగినపుడు శిబి తన తొడమాంసమును గోసి తూచెను. పొరుగువాని తొడను గోసి తూచినట్లు ఏ పురాణమునను లేదు. కరుణకు మూల్యము నెవరు చెల్లింపవలయు ననునదే యిప్పటి ప్రశ్న. క్రింది యంతస్తులోని యుబ్బసపు రోగియు సకల జీవులలో నొకడే గదా.

రెండవ పక్షమువారికిని ఒక మాట. పొరుగువారిమీది కోపమును పక్షులమీద దీర్చుకొనువారు, విషము గలిపిన గింజలు పెట్టువారు, గ్రుడ్లు పొదుగుచున్న గూళ్ళను వీధిలోనికి విసరివేయువారు లేకపోలేదు. విషము పెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. వల గట్టుకొనుడు, కిటికీ యంచున వాలుటకు వీలులేని పలకలు బిగించుకొనుడు. వలలో జిక్కి రెక్కలు విఱిగి వారముల తరబడి వ్రేలాడు పక్షిని దింపు బాధ్యతయు ఆ వల గట్టించినవారిదే యని మఱవకుడు. మీ మేడమీద పావురములు వాలినంతమాత్రమున ప్రక్కవారి కులమునో, మతమునో, భాషనో యెత్తి మాటలాడుటకు మీకు హక్కు రాదు. ముంబయిలో రెండు పక్షముల వారును పలికిన మాటలు కొన్ని యచ్చులో బెట్టదగినవి గావు.

మన రెండు తెలుగు రాష్ట్రముల పాలకులు, నగరపాలక సంస్థలు ఈ తగవు ముదరకమునుపే పూనుకొనవలయునని మేము కోరుచున్నాము. ప్రతి పెద్దపట్టణమునను నివాసములకు, ఆసుపత్రులకు, పాఠశాలలకు దూరముగ కొన్ని తావులను గుర్తించి, ఉదయము కొలది గంటలు మాత్రము మేతకు విడిచి, తరువాత కడిగించు నేర్పాటు చేయవలయును. కడుగు పనివారికి ముఖమునకు ముసుగు, చేతులకు తొడుగులు ఇచ్చుట మఱవరాదు. ఎండిన రెట్టను చీపురుతో నూడ్చుట కంటె తడిపి తీయుట క్షేమము. కబూతరుఖానాలను మూయుటకు ముందు పక్షులకు మేతను క్రమక్రమముగ దగ్గించుట మేలు. వేలకొలది ప్రాణుల నొక్కదినమున మాడ్చుట యెవ్వరికిని శోభ గాదు.

మేడల సంఘములకు దీనిలో నింకను పెద్దపాత్ర గలదు. 1987 నాటి యపార్టుమెంటుల చట్టము క్రింద నేర్పడిన సంఘములు లిఫ్టు, నీళ్ళ మోటారు, వాహనముల నిలుపుదల, వీనిని గూర్చి పుటలకొలది నియమములు వ్రాసికొనుచున్నవి. కిటికీ యంచుమీద, ఉమ్మడి డాబామీద మేత వేయవచ్చునా, వేయరాదా, వేసినచో కడుగు వారెవరు అను నాలుగు పంక్తులు చేర్చినచో సగము తగవులు పుట్టకమునుపే చచ్చును. ఉమ్మడి డాబా యందఱి సొత్తు; అందొక్కరి పుణ్యమున కందఱును పన్ను గట్టరాదు. నేలమీద స్వంత పెరడు గలవాడు పిచ్చుకలకు కుచ్చు గట్టుకొనుటకు, మూకుడులో నీళ్ళు పెట్టుటకు మాత్రము ఏ సంఘమును అడ్డుపడగూడదు.

ఇంతకును మించి తగవు వచ్చినచో కోర్టు తలుపు తట్టుటకు ముందు మధ్యవర్తుల తలుపు తట్టుడు. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టములో ఇరుగుపొరుగువారి శాంతికి భంగకరములైన తగవులకై సామాజిక మధ్యవర్తిత్వ మను నొక అధ్యాయమే చేర్చబడినది. ముగ్గురు మధ్యవర్తులు ఉభయులను గూర్చుండబెట్టి మాటలాడింతురు. అందు గుదిరిన యొడంబడిక కోర్టు డిక్రీవలె నమలు జరుపదగినది గాదను లోపము గలదు; అయినను పెద్దమనుష్యుల యెదుట నిచ్చిన మాటకు మన వీధులలో నింకను గొంత విలువ యున్నది. ఈ యధ్యాయమును కాగితముమీద నుండి వాడలలోనికి దింపుటకు జిల్లా న్యాయసేవా సంస్థలు ముందునకు రావలయును. పళ్ళెరమును కిటికీనుండి డాబా మూలకు జరుపుట, క్రింద నొక రేకు పఱచుట, వారమునకు రెండుసార్లు కడుగుదునని యొప్పుకొనుట, లేదా ఆదివారము ఉదయమున నగరము వెలుపలి చెఱువుగట్టుకు బోయి గింజలు చల్లి వచ్చుట, ఇట్టి పరిష్కారములను న్యాయమూర్తి తీర్పులో వ్రాయలేడు. నలుగురు గూర్చుండి మాటలాడుకొనిన అరగంటలో దొరకును.